పాత లాప్‌టాప్, నలుగురి వైఫై, క్లౌడ్ గేమింగ్: అనంతపురం తమ్ముడికి జవాబు

తమ్ముడూ, ముందు నీ ప్రశ్నను రెండు ముక్కల్లో మళ్లీ రాస్తాను, తర్వాత వచ్చి చదివేవాళ్లకు కూడా సంగతి తెలియాలి కదా. నువ్వు అనంతపురంలో బీటెక్ మూడో సంవత్సరం. నలుగురు కలిసి అద్దె రూములో ఉంటున్నారు. నాలుగో తరం ఐ3 లాప్‌టాప్, 8 జీబీ ర్యామ్. లోకల్ కేబుల్ వాళ్ల 50 ఎంబీపీఎస్ లైన్, అదీ నలుగురికీ కలిపి. ఫోన్లో 5జీ ఉంది. నెలకు ఐదారు వందలు మించి పెట్టలేవు. ఆడాలనుకుంటున్నవి మూడు: కార్ల రేసు గేము ఫోర్జా హొరైజన్ 5, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో సేల్‌లో కొని పెట్టుకున్న కథ గేము సైబర్‌పంక్ 2077, షూటింగ్ గేము వాలరెంట్. క్లౌడ్ గేమింగ్ అంటే గేము ఎక్కడో ఉన్న సర్వర్‌లో నడిచి, దాని బొమ్మ మాత్రం నెట్ ద్వారా నీ తెర మీదకు రావడం. అలాంటి సర్వీసులైన ఎక్స్‌బాక్స్ క్లౌడ్, జీఫోర్స్ నౌ, జియో, వీటిలో దేనికి కట్టాలని అడిగావు.

నాది కర్నూలు. కొన్నేళ్లు గేమింగ్ సెంటర్ నడిపాను, ఇప్పుడు హాస్టళ్లకు, షాపులకు నెట్‌వర్క్ పనులు చేస్తుంటాను. అందుకే దీన్ని ఆడేవాడి కంటే వైర్లు లాగేవాడి కళ్లతో చూడటం అలవాటైపోయింది. యూట్యూబ్‌లో ఈ సర్వీసులను పోల్చే వీడియోలు కుప్పలు ఉన్నాయి, కానీ అవి తీసేవాళ్లు ఎక్కువగా ముంబైలోనో బెంగళూరులోనో సొంత గిగాబిట్ లైన్ మీద కూర్చుని తీస్తారు. నలుగురు పంచుకునే లైన్ మీద అవే సర్వీసుల తీరు వేరేగా ఉంటుంది. నీ విషయంలో సర్వీసు ఎంపిక రెండో మెట్టు. రూము నుంచి సర్వర్ దాకా దారి ఎలా ఉందో ముందు తేలాలి. అది తేలకుండా ఎవరికి కట్టినా హుండీలో వేసినట్టే.

వాలరెంట్‌ను మొదటే పక్కన పెట్టేద్దాం. దానికి క్లౌడ్ అవసరం లేదు. దాని యాంటీ చీట్ (మోసం చేసి ఆడేవాళ్లను పట్టే ప్రోగ్రాం) అయిన వాన్‌గార్డ్ విండోస్ లోపలి పొర అయిన కెర్నెల్ స్థాయిలో పనిచేస్తుంది, అద్దె సర్వర్లలోని వర్చువల్ మెషీన్లను, అంటే సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్లను ఒప్పుకోదు. జీఫోర్స్ నౌలో ఆ గేము లేకపోవడానికి కారణం అదే. మరో పక్క, ఆ గేము తయారుచేసినవాళ్లే ఇంటెల్ హెచ్‌డీ 4000 గ్రాఫిక్స్, 4 జీబీ ర్యామ్ ఉంటే కనీసంగా నడుస్తుందని చెప్పారు. నీ ఐ3 దానికంటే ఒక మెట్టు పైనే ఉంది. గేము సర్వర్లు ముంబైలో ఉన్నాయి. సెట్టింగులన్నీ తగ్గించి లాప్‌టాప్‌లోనే ఆడుకో. ఒక చిట్కా కూడా చెబుతాను: నీ 8 జీబీ ఒకే స్టిక్‌గా ఉండి, రెండో స్లాట్ ఖాళీగా ఉంటే, రిపేరు షాపులో పాత డీడీఆర్3ఎల్ స్టిక్ ఒకటి అడిగి వేయించు. ఇంటెల్ గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. రెండు స్లాట్లూ నిండితే దానికి కళ్లు తెరుచుకుంటాయి. చేతిలో ఉన్న డబ్బుతో నీకు వెంటనే ఫలితం చూపించేది బహుశా ఇదే.

మిగతా రెండు గేములకు వద్దాం. క్లౌడ్‌లో నువ్వు బటన్ నొక్కగానే ఆ సంగతి సర్వర్‌కు చేరాలి, అక్కడ గేము దాన్ని లెక్కలోకి తీసుకుని ఫ్రేము గీయాలి, ఆ ఫ్రేమును వీడియోగా కుదించి పంపాలి, నీ లాప్‌టాప్ దాన్ని విప్పి తెర మీద పెట్టాలి. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. పింగ్ (సర్వర్ దాకా పోయి రావడానికి పట్టే కాలం) 33 మిల్లీసెకన్లు వచ్చిందంటే రెండు ఫ్రేముల కాలం దారి ఖర్చులకే పోయింది. కుదించడానికి, విప్పడానికి పట్టే కాలం దీనికి అదనం. సైబర్‌పంక్‌ లాంటి కథ గేములో ఇది పెద్దగా తెలియదు. ఫోర్జాలో మలుపుల దగ్గర కాస్త తెలుస్తుంది, చెయ్యి అలవాటు పడిపోతుంది. షూటింగ్ గేముల్లో మాత్రం అవతలివాడు నిన్ను ముందే కాల్చేసి ఉంటాడు.

దూరాన్ని బట్టి చూస్తే మనం మరీ అన్యాయమైన చోట లేము. ఫైబర్‌లో వెలుతురు మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. అనంతపురం నుంచి బెంగళూరుకు రోడ్డు లెక్కన 215 కిలోమీటర్ల లోపే, కర్నూలు నుంచి హైదరాబాదుకూ దాదాపు అంతే, కడప నుంచి చెన్నైకి 260 దాకా. పోయి రావడానికి రెండు మూడు మిల్లీసెకన్లు చాలు. ముంబై దాకా అయినా పది, పన్నెండుతో సరిపోవాలి. మరి చాలామందికి నలభై, యాభై ఎందుకు చూపిస్తోంది? ప్యాకెట్టు, అంటే నెట్‌లో పోయే డేటా ముక్క, మ్యాపులో స్కేలు పెట్టి గీసిన గీత మీద పోదు కాబట్టి. మీ ఆపరేటర్ పైనున్న ఏ కంపెనీ దగ్గర బ్యాండ్‌విడ్త్ కొంటున్నాడో అక్కడికి పోతుంది. ఒకరిది బెంగళూరు, ఒకరిది హైదరాబాదు, ఇంకొకరిది చెన్నై. అక్కడ చేతులు మారి, సర్వర్ ఉన్న ఊరికి మళ్లుతుంది. ఒకే బిల్డింగులో కింది అంతస్తు కనెక్షన్‌కు ఇరవై లోపు, పై అంతస్తు కనెక్షన్‌కు యాభై పైన వచ్చిన సందర్భాలు నా పనిలో మామూలే. ప్లాన్ స్పీడు ఇద్దరిదీ ఒకటే. అందుకే "మా ఫ్రెండుకు బాగా నడుస్తోంది" అనే మాటను నమ్మకు, ఆ ఫ్రెండు పక్క రూములో ఉన్నా సరే.

సింగపూర్ సర్వర్‌కు కలుపుతామని చెప్పేవాళ్లు తగిలితే ఈ లెక్క గుర్తుంచుకో: చెన్నై నుంచి సింగపూర్ సుమారు 2,900 కిలోమీటర్లు. పోయి రావడానికి భౌతికశాస్త్రం ప్రకారమే 29 మిల్లీసెకన్లు. దాన్ని ఏ రౌటరూ, ఏ వీపీఎన్నూ తగ్గించలేదు. దాని మీద మన దారి ఖర్చు అదనం.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పరీక్ష. స్పీడ్ టెస్టు వద్దు. స్పీడ్ టెస్టు గొట్టం ఎంత లావుందో చెబుతుంది, నీకు కావాల్సింది చుక్కలు ఆగకుండా పడుతున్నాయా లేదా అన్నది. రాత్రి తొమ్మిది దాటాక, రూములో అందరూ ఉండి రీల్స్ చూస్తున్న సమయంలో కూర్చో. లాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ముందు నీ రౌటర్‌కే పింగ్ పెట్టు. చాలా రౌటర్లకు అడ్రసు 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది. ping అని కొట్టి, ఆ అడ్రసు రాసి, చివర -t పెడితే ఆపేదాకా నడుస్తూనే ఉంటుంది. రెండో విండోలో గూగుల్ సర్వర్ అడ్రసు అయిన 8.8.8.8కి పెట్టు. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఐదు నిమిషాలు కళ్లార్పకుండా చూడు.

రౌటర్ పింగ్ ఒకటి, రెండు, ఒకటి, మూడు, రెండు అని పోతుంటే నీ వైఫై బాగుంది. రెండు, రెండు, ఎనభై నాలుగు, మూడు, నూటపది, "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" అని వస్తే తప్పు నాలుగు గోడల మధ్యే ఉంది. కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసి తిట్టి లాభం లేదు. ఆ కాలం లాప్‌టాప్‌లలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై కార్డే ఉంటుంది. అపార్ట్‌మెంట్లలో ఆ బ్యాండు మీద పక్కింటి రౌటర్, ఎదురింటి రౌటర్, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ ఒకదాని మీద ఒకటి అరుస్తుంటాయి. స్పీడ్ టెస్టులో 45 చూపించవచ్చు, గేము మాత్రం ఎక్కిళ్లు పెడుతుంది. దీనికి మందు లాన్ కేబుల్. రౌటర్ హాల్లో ఉంటే గోడ వారగా క్యాట్ 5ఈ వైరు లాగించు, ఖర్చు వందల్లోనే. ఇల్లుగలాయన మేకులు కొట్టనివ్వకపోతే డబుల్ టేపు క్లిప్పులు దొరుకుతాయి. వైరు కుదరని చోట 5 గిగాహెర్ట్జ్ యూఎస్‌బీ అడాప్టర్ రెండో దారి, అదీ రౌటర్‌లో ఆ బ్యాండు ఉంటేనే.

రౌటర్ పింగ్ బాగుండి 8.8.8.8కి మాత్రం ఎగిరెగిరి పడుతుంటే ఇంకో పరీక్ష చేయి. రూమ్‌మేట్లను రెండు నిమిషాలు ఫోన్ల వైఫై ఆపమను. పింగ్ వెంటనే సర్దుకుందా? అయితే లైన్ మంచిదే, మీ నలుగురి రద్దీ దాన్ని ముంచుతోంది. ఎక్కువ సార్లు దొంగ ఎవరంటే ఫోటోల బ్యాకప్. ఎవడో ఒకడు ఫ్రెషర్స్ డే వీడియోలు తీసుకొచ్చి ఉంటాడు, అవి గుట్టుచప్పుడు కాకుండా పైకి ఎక్కుతుంటాయి. అప్‌లోడ్ దారి నిండిపోతుంది, నీ బటన్ నొక్కుడు రౌటర్ క్యూలో వాటి వెనక నిలబడుతుంది. డౌన్‌లోడ్ ఎంత ఖాళీగా ఉన్నా ఉపయోగం లేదు. రౌటర్ సెట్టింగుల్లో క్యూఓఎస్ (రద్దీని సర్దే సెట్టింగు) ఉంటే మొత్తం వేగాన్ని అసలు లైన్ వేగంలో తొంభై శాతం దగ్గర కట్టేయి, అప్‌లోడ్‌కూ అంతే. క్యూ ఆపరేటర్ పెట్టెలో కాకుండా నీ రౌటర్‌లో ఏర్పడుతుంది, అక్కడ దాన్ని నువ్వు సర్దుకోవచ్చు. సెట్టింగు లేకపోతే రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా బ్యాకప్ ఆపమని బతిమాలుకో, టీ ఖర్చు నీది.

అందరూ ఆపినా ఎగురుతూనే ఉంటే అప్పుడు లైన్ లోపం. ఆ లైన్ మీద ఏ క్లౌడ్ సర్వీసూ నడవదు. ఫిర్యాదు పెట్టి బాగయ్యాకే డబ్బు మాట.

ఫోన్ 5జీ సంగతి కూడా అడిగావు. 5జీ బాగా దొరికే కిటికీ దగ్గర యూఎస్‌బీ కేబుల్‌తో టెథరింగ్ (ఫోన్ నెట్‌ను లాప్‌టాప్‌కు ఇవ్వడం) పెడితే ఆడుకోవచ్చు, హాట్‌స్పాట్ కంటే అదే నయం. చిక్కు ఎక్కడంటే, అన్‌లిమిటెడ్ 5జీ అనేది సిగ్నల్ 5జీలో ఉన్నంతసేపే. రూము లోపల ఫోన్ చప్పుడు చేయకుండా 4జీకి జారిపోతుంది. 20 ఎంబీపీఎస్ వీడియో అంటే రోజుకు వచ్చే 2 జీబీ పదమూడు నిమిషాల్లో హరీ. కేబుల్ లైన్‌కు ఈ బెంగ తక్కువ. 1080పీ (ఫుల్ హెచ్‌డీ) నాణ్యతలో 25 ఎంబీపీఎస్ లెక్కన గంటకు 11 జీబీ చిల్లర పోతుంది. చాలా ఫైబర్ ప్లాన్ల నెల హద్దు 3.3 టీబీ, అంటే మొత్తం గేముకే వాడినా దాదాపు 300 గంటలు వస్తుంది. గాలిలో వచ్చే హోమ్ 5జీ ప్లాన్లలో ఆ హద్దు 1 టీబీ దగ్గర ఉండటం మామూలు. అందులో నలుగురి సినిమాలూ ఉంటే ఆలోచించుకోవాలి.

ఇప్పుడు సర్వీసులు. వీటిలో చూడాల్సిన తేడా ఒకటే: గేము ఎవరిది?

ఎక్స్‌బాక్స్ క్లౌడ్ గేమింగ్‌లో గేములు వాళ్లవి, గేమ్ పాస్ చందా కట్టినంతకాలం ఆడుకుంటావు. 2020లో వేరే దేశాల్లో మొదలైంది, మన దేశానికి అధికారికంగా 2025 నవంబరులో వచ్చింది. అంతకు నెల ముందే గేమ్ పాస్‌ను ఎసెన్షియల్, ప్రీమియం, అల్టిమేట్ అని మూడు మెట్లు చేశారు, మూడింటిలోనూ క్లౌడ్ ఉంది. అప్పటి ధరలు వరుసగా నెలకు 499, 699, 1,389 రూపాయలు. అల్టిమేట్ అంతకుముందు 829 ఉండేది, ఒక్క దెబ్బకు అంత పెంచారు. కాబట్టి నేను రాసిన అంకెను పట్టుకుని కూర్చోకుండా కట్టేరోజు ధర చూసుకో. ఎసెన్షియల్‌లో గేములు యాభై పైచిలుకు, ప్రీమియంలో రెండొందలు దాటి, అల్టిమేట్‌లో నాలుగొందలు దాటి. కొత్త గేము విడుదలైన రోజే రావడం అల్టిమేట్‌కే. వెనక నడిచేది ఎక్స్‌బాక్స్ హార్డ్‌వేర్, అంటే నీకు కనిపించేది కన్సోల్ గేము. పీసీలో ఉండే గ్రాఫిక్స్ సెట్టింగులు, మోడ్‌లు (ఆడేవాళ్లు తయారుచేసి గేముకు కలిపే మార్పులు) ఉండవు. నువ్వు స్టీమ్‌లో కొన్న సైబర్‌పంక్ ఇక్కడ పనికిరాదు, స్టీమ్ లైబ్రరీకీ దీనికీ సంబంధం లేదు. ఫోర్జాకు మాత్రం ఇదే ఇల్లు. నువ్వు కట్టబోయే మెట్టులో ఫోర్జా ఉందో లేదో గేమ్ పాస్ సైట్‌లో పేరు కొట్టి చూసుకున్నాకే కట్టు. గేములు జాబితాలోకి వస్తుంటాయి, పోతుంటాయి. జీటీఏ 5 అలా ఎన్నోసార్లు వచ్చి పోయింది. సగం కథలో ఉండగా గేము వెళ్లిపోతే సేవ్ ఉంటుంది, ఆడటానికి గేము ఉండదు.

జీఫోర్స్ నౌ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఎన్విడియా నీకు గేములు అమ్మదు, మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్‌ను అద్దెకిస్తుంది. నీ స్టీమ్, ఎపిక్, యుబిసాఫ్ట్ అకౌంట్లు కలిపితే అందులో నువ్వు కొన్నవి ఆడుకోవచ్చు. సైబర్‌పంక్ ఇందులో ఉంది, వాళ్ల ప్రకటనల్లో ముందు వరసలో పెట్టే గేమే అది. సేవ్‌లు స్టీమ్ క్లౌడ్‌లో ఉంటాయి కాబట్టి రేపు సొంత పీసీ కొంటే అక్కడి నుంచే మొదలుపెడతావు. విద్యార్థికి ఇదే పెద్ద లాభమని నా అభిప్రాయం: సేల్‌లో మూడొందలు పెట్టి కొన్న గేము ఉద్యోగం వచ్చాక కూడా నీదే.

అయితే కొన్న ప్రతి గేమూ అందులో ఆడదు. గేము కంపెనీ ఒప్పుకోవాలి. 2020 ఫిబ్రవరిలో సర్వీసు అందరికీ తెరిచిన కొద్ది రోజులకే యాక్టివిజన్ బ్లిజార్డ్ తన గేములన్నీ తీసేసుకుంది. ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని కొనే క్రమంలో 2023లో ఎన్విడియాతో పదేళ్ల ఒప్పందం చేసుకుంటే గానీ అవి మళ్లీ రాలేదు. గేము కొనేముందు జీఫోర్స్ నౌ జాబితాలో వెతికి కొనడం అలవాటు చేసుకో. ఉచిత మెట్టులో ఒక్కోసారి గంట మాత్రమే ఆడనిస్తారు, అదీ క్యూలో నిలబడ్డాక. డబ్బు కట్టిన మెట్లలో సెషన్ ఆరు, ఎనిమిది గంటలు. నెలకు వంద గంటల హద్దు కూడా పెట్టారు. నీకది తగలదులే, తగిలితే సెమిస్టర్ సంగతి మీ నాన్నకు చెప్పాల్సి వస్తుంది. అమెరికాలో దీని ధర మధ్య మెట్టుకు 9.99 డాలర్లు, పై మెట్టుకు 19.99. ఇండియాకు తెస్తున్నామని 2025 జనవరిలో లాస్‌వేగాస్‌లో జరిగే సీఈఎస్ అనే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో ప్రకటించారు. నువ్వు చూసుకోవాల్సింది ఇంతే: యాప్ సెట్టింగుల్లో సర్వర్ లొకేషన్ దగ్గర ఇండియా కనిపించాలి, ధర రూపాయల్లో చూపించాలి. పక్కనే ఉన్న నెట్‌వర్క్ టెస్టు నొక్కు. 80 మిల్లీసెకన్ల లోపు ఉండాలని వాళ్లంటారు, 40 లోపైతే మంచిదంటారు. నేనైతే 40 దాటితే జేబులో చెయ్యి పెట్టను. 1080పీకి 25 ఎంబీపీఎస్, 720పీకి 15 కావాలి. మీ 50లో మిగతా ముగ్గురూ వీడియోలు చూస్తున్నా 15 దొరుకుతుంది, 25కే గొడవ.

టెలిగ్రామ్‌లో "జీఫోర్స్ నౌ నెలకు 199" అని అకౌంట్లు అమ్మేవాళ్లు కనిపిస్తారు. పది మందికి ఒకే అకౌంట్ ఇచ్చి, యూపీఐ పడగానే గ్రూపు మూసేస్తారు. పైగా నీ స్టీమ్‌ను వాడి అకౌంట్‌కు కలపాలి. వద్దు.

జియో సర్వీసు గురించి క్లుప్తంగా. ఫోన్, సెట్‌టాప్ బాక్సు, బ్రౌజరు మూడింటిలోనూ నడుస్తుంది, కొన్ని రీచార్జి ప్యాకుల్లో కలిపే ఇస్తారు, ధర తక్కువ. ఇది కూడా జాబితా పద్ధతే, నువ్వు కొన్నవి ఆడనివ్వదు. ఇంట్లో టీవీ ముందు పిల్లలు ఆడుకోవడానికి నేను దీన్నే చెబుతాను. నీ మూడు గేముల కోసమైతే అటు చూడక్కర్లేదు. వొడాఫోన్ ఐడియా 2024లో తెచ్చిన క్లౌడ్ ప్లే ప్రధానంగా ఫోన్ గేములను డౌన్‌లోడ్ లేకుండా ఆడటానికి, నీకు సంబంధం లేని సంగతి. ప్లేస్టేషన్ వాళ్ల స్ట్రీమింగ్ మన దేశంలో ఇవ్వలేదు. వేరే దేశాల్లో ప్లస్ ప్రీమియం ఉన్నచోట మనకు స్ట్రీమింగ్ తీసేసిన డీలక్స్ పెట్టారు.

గేము ఎవరిది అన్నదాన్ని ఎందుకింత పట్టుకున్నానో చెప్పాలి. ఈ వ్యాపారంలో పెద్దవాళ్లే దుకాణం కట్టేశారు. 2010లో మొదలైన ఆన్‌లైవ్ 2015 ఏప్రిల్‌లో మూతపడింది, పేటెంట్లు సోనీ కొనుక్కుంది. గూగుల్ 2019 నవంబరులో స్టేడియా పెట్టి 2023 జనవరి 18న ఆపేసింది, అసలు ఇండియాకు రానే లేదు. గూగుల్ కాబట్టి అమ్మిన గేములకు డబ్బు వెనక్కి ఇచ్చింది, అందరూ అలా ఇవ్వరు. కాబట్టి ఒక క్లౌడ్ సర్వీసు లోపల మాత్రమే పనిచేసే గేమును పూర్తి ధర పెట్టి కొనవద్దు. నెల చందా కట్టు, లేదా స్టీమ్ లాంటి చోట కొని అద్దె కంప్యూటర్ మీద ఆడు.

బొమ్మ నాణ్యత గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకు. కుదించిన వీడియో ఎక్కడ దొరికిపోతుందంటే చీకట్లోనూ గడ్డిలోనూ. సైబర్‌పంక్‌లో రాత్రి వాన పడుతుంటే నల్లటి గోడల మీద మెట్లు మెట్లుగా మచ్చలు కనిపిస్తాయి. ఫోర్జాలో వేగం పెరిగేకొద్దీ రోడ్డు పక్కన గడ్డి పచ్చ రంగు పూసినట్టు కలిసిపోతుంది. అయితే నీ పాత లాప్‌టాప్ తెర 1366 బై 768 అయి ఉంటుంది, 15 అంగుళాలకు అటూఇటూ. దాని మీద 1440పీకి డబ్బు పెట్టడం దండగ. ఇంకో చిన్న విషయం: ఈ సర్వీసులు వీడియోను కుదించే పద్ధతుల్లో నీ ఐ3 హెచ్.264ను మాత్రమే చిప్పులో విప్పగలదు. కొత్త పద్ధతులైన హెచ్ఈవీసీ ఆరో తరం నుంచి, ఏవీ1 పదకొండో తరం నుంచి వచ్చాయి. యాప్‌లో కోడెక్ (ఈ కుదించే పద్ధతి) ఎంచుకునే చోటుంటే హెచ్.264 పెట్టు. బ్రౌజర్‌లో ఆడితే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడు. అది ఆఫ్‌లో ఉంటే ప్రాసెసర్ వంద శాతానికి ఎక్కి ఫ్యాను హోరెత్తుతుంది, తప్పు నెట్‌దని అనుకుంటావు.

ఎండాకాలం సంగతి కూడా క్లౌడ్‌కు కలిసొస్తుంది. మే నెలలో మన ఊళ్లలో గ్రాఫిక్స్ కార్డున్న పీసీని ఏసీ లేని రూములో రెండు గంటలు నడిపితే రూములో మనుషులు ఉండలేరు. క్లౌడ్‌లో ఆ వేడి ఎవరి సర్వర్ గదిలోనో ఉంటుంది. కరెంటు పోతే లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది కానీ రౌటర్‌కూ ఫైబర్ పెట్టెకూ లేదు. వాటికి 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టుకో, నలుగురు పంచుకుంటే భారం కాదు. వీధిలో ఆపరేటర్ పెట్టెకు కూడా కరెంటు పోతే అదీ పనిచేయదు.

డబ్బు లెక్క. 699 మెట్టు ఏడాదికి 8,388. అల్టిమేట్ ఏడాదికి 16,668, రెండేళ్లకు 33 వేలు దాటుతుంది. అంతలో వాడిన గ్రాఫిక్స్ కార్డుతో ఒక మోస్తరు సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ వస్తుంది, తర్వాత అమ్మినా ఎంతో కొంత వెనక్కి వస్తుంది. కాబట్టి నీలాంటివాడికి అల్టిమేట్ నేను చెప్పను. ఏడాది పొడుగునా కట్టే ఆలోచన కూడా వద్దు. సెమిస్టర్ పరీక్షలయ్యాక సెలవుల్లో ఒక నెల కట్టి, ఆ నెల మనసారా ఆడి, ఆపేయి. కట్టినరోజే ఆటోపే రద్దు చేసుకో, నెల పూర్తయ్యేదాకా ఆడనిస్తారు. రద్దు చేయకపోతే డబ్బు కోసే ముందురోజు బ్యాంకు మెసేజ్ వస్తుంది. అకౌంట్ నాన్నగారిదైతే ఆ మెసేజ్‌లో గేమింగ్ అనే మాట చూసి రమ్మీ అనుకుని టెన్షన్ పడతారు. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీని 2020లోనే నిషేధించారు, 2025లో కేంద్ర చట్టం డబ్బు పందెం పెట్టి ఆడే ఆన్‌లైన్ గేములన్నిటినీ నిషేధించింది. నీది చందా, పందెం కాదు. ఆ మాట ఆయనకు ముందే చెప్పి పెట్టు.

బెంగళూరులో ఉద్యోగం చేసే అన్నో బావో ఉండి, ఆయన దగ్గర గేమింగ్ పీసీ ఉంటే, పైన రాసినవన్నీ పక్కన పెట్టొచ్చు. ఆయన పీసీలో సన్‌షైన్, నీ లాప్‌టాప్‌లో మూన్‌లైట్ అనే ప్రోగ్రాములు వేసుకుంటే అదే నీ సొంత క్లౌడ్, రెండూ ఉచితం. ఆయన ఆఫీసులో ఉన్నంతసేపు పీసీ నీది. ఇద్దరి లైన్లూ పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగల అడ్రసు) లేనివే అయి ఉంటాయి, టెయిల్‌స్కేల్ అనే ప్రోగ్రాం పెడితే ఆ అడ్డు తీరుతుంది. చూడాల్సిందల్లా ఆయన ఇంటి అప్‌లోడ్ వేగం, 15 నుంచి 20 ఎంబీపీఎస్ నిలకడగా ఉండాలి.

అలాంటి బావ లేడనుకుంటే, నీకు నేను చెప్పే వరుస ఇది. ఈ వారం పింగ్ చూసి లాన్ వైరు లాగు. వాలరెంట్ లాప్‌టాప్‌లోనే. సైబర్‌పంక్‌ను, యాప్‌లో ఇండియా సర్వర్ కనిపిస్తే, జీఫోర్స్ నౌ ఉచిత మెట్టులో క్యూలో నిలబడి మొదలుపెట్టు. గంట గంట ముక్కలుగా ఆడటానికి అది అనువైన గేమే. సెలవుల్లో ఫోర్జా కోసం ఎక్స్‌బాక్స్ ఒక నెల, ఆ గేము ఉన్న అన్నిటికంటే కింది మెట్టులో. ఆ మెట్టు 699 అయితే నీ బడ్జెట్‌ను దాదాపు వంద రూపాయలు మించుతుంది, కానీ ఏడాదికి ఒకటి రెండు నెలలే కాబట్టి ఫరవాలేదు.

ఎక్స్‌బాక్స్‌కు కంట్రోలర్ కావాలి, ఇది చాలామంది కట్టాక తెలుసుకుంటారు. క్లౌడ్‌లో కీబోర్డు, మౌస్ కొన్ని గేములకే పనిచేస్తాయి, ఫోర్జాను ఎలాగూ కీబోర్డు మీద ఆడటం నరకం. బ్లూటూత్ కంట్రోలర్ కొనకు, వైరుదే కొను. పాత లాప్‌టాప్ బ్లూటూత్ మీద ఇంకొంత ఆలస్యం చేరుతుంది. వెయ్యి, పదిహేను వందల్లో వచ్చే వాటిలో ఎక్స్‌ఇన్‌పుట్ అని పెట్టె మీద రాసి ఉన్నది అడుగు. గుచ్చగానే బ్రౌజర్ గుర్తుపట్టకపోతే అది పాత డైరెక్ట్‌ఇన్‌పుట్ మోడ్‌లో ఉందని అర్థం. చాలా కంట్రోలర్లలో మధ్యలో ఉన్న మోడ్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే మారుతుంది.